ఏడో నంబరు సిస్టమ్

పోయిన వారం కాకినాడలో ఒక ఆస్పత్రి సర్వరు గదిలో పని చేసుకుంటుంటే కలరా ఉండల వాసన వచ్చింది. ఆ గదిలో రావలసిన వాసన కాదది. అక్కడుండేది చల్లటి ఏసీ గాలి, వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన, అంతే. వంగి చూస్తే వైర్ల కట్ట వెనకాల నాలుగు తెల్లటి ఉండలు కనిపించాయి. "ఎలకలు రాకుండా పెడతామండి, వైర్లు కొరికేస్తున్నాయి" అంది అక్కడి అమ్మాయి, తప్పేదో చేసినట్టు. ఫర్వాలేదన్నాను. కానీ ఆ తరవాత చాలాసేపు నా చేతులు కీబోర్డు మీదికి వెళ్ళలేదు. చాలామందికి ఆ వాసన బీరువాలో పట్టుచీరలది. నాకు మాత్రం అది అబ్బులు గారి ల్యాబ్‌ది.

ఆయన్ని మీరు ఎరిగి ఉండరు. మండపేట దగ్గర ఒక పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే టెక్నీషియన్ ఆయన. అంతకు ముందు రేడియోలు, టీవీలు బాగుచేసేవారట. ఇంకా ముందు రైసుమిల్లుల్లో కాలిపోయిన మోటార్లకి వైండింగ్ చేసేవారట. కంప్యూటర్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి చూసి నేర్చుకున్నారు. పేపర్లో నా గురించి రాస్తే, ఆస్పత్రుల్లో, బళ్ళల్లో, ఆఫీసుల్లో కంప్యూటర్లలోకి దొంగలు ఏ దారిన దూరగలరో ముందే కనిపెట్టి చెప్పే నిపుణురాలు అని రాస్తారు. పదహారో ఏటి నుంచి పదిహేడో ఏటి దాకా నేను సరిగ్గా ఆ దొంగనే. ఆ దొంగ ఈ నిపుణురాలు కావడానికి మధ్యలో ఉన్న మనిషి అబ్బులు గారు.

ఆయన్ని మొదటిసారి చూసింది డిప్లొమా మొదటి సంవత్సరంలో, కాలేజీ తెరిచిన వారానికి. నా ముందున్న సిస్టమ్ ఆన్ కాలేదు. నేను బటన్ నొక్కుతూనే ఉన్నాను. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో టెస్టరు పెట్టుకున్న ఒకాయన వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"ఎన్నిసార్లు నొక్కారండి?"

"ఓ ఇరవై సార్లు సార్."

"ఇరవై ఒకటోసారి కూడా అంతేనండి. మూత తీద్దాం. మీ పేరేంటండి?"

"దుర్గ."

"ఈ స్క్రూ డ్రైవర్ పట్టుకోండి దుర్గ గారూ."

పదిహేనేళ్ళ పిల్లని అప్పటిదాకా ఎవరూ గారూ అని పిలవలేదు. క్లాసంతా కిసుక్కుమంది. ఆయన పట్టించుకోలేదు. అందర్నీ అలాగే పిలిచేవారు. ల్యాబ్ గుమ్మంలో పడుకునే కుక్కని కూడా "కాస్త జరగండి" అనేవారని మేం చెప్పుకుని నవ్వేవాళ్ళం. ఆ రోజు నా చేతే మూత తీయించారు. లోపల దుమ్ము, ఎలక కొరికిన వైరు ముక్క, ఒక వడ్లగింజ. మండపేటలో వడ్లగింజ దూరని చోటు లేదన్నారు. రంగులు వేసే కుంచెతో దుమ్ము దులపడం, వైరు అతకడం, చివరికి ఒక కలరా ఉండ వెనకాల పెట్టడం అన్నీ నా చేతే చేయించారు. స్క్రీన్ వెలిగింది. మా నాన్న రైసుమిల్లులో ఫిట్టరు. ఆగిపోయిన మిషన్ తిరిగి నడిచినప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూశాను. ఆ రోజు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

ఆ సిస్టమ్‌కి ఏడో నంబరు. మూడేళ్ళూ నేను దాని ముందే కూర్చుందామనుకున్నాను. కూర్చోగలిగింది రెండేళ్ళకి కొంచెం తక్కువ.

నా నేరాలు మొదలైంది దురాశతో కాదు, ఆకలితో. ఇంట్లో కంప్యూటర్ లేదు. ల్యాబ్ వారానికి మూడు పూటలే. మిగతా సమయాల్లో సిస్టమ్‌లు తెరుచుకోవాలంటే అబ్బులు గారి పాస్‌వర్డ్ కావాలి. ఆయన టైపు చేసేటప్పుడు ఒక్కో అక్షరాన్నీ పెదాల మీద పలికేవారు. వాళ్ళావిడ పేరు, తరవాత స్కూటర్ నంబరు. పక్కనే నిలబడి చూసే పిల్లకి అది తెలుసుకోవడం ఎంతసేపు? ఆ పాస్‌వర్డ్‌తో మొదట నేను చేసింది చదువుకోవడమే. ప్రోగ్రాములు రాసుకోవడమే. తరవాత గమనించాను, అదే దారిలో ఇంకొంచెం ముందుకెళ్తే హాజరు పట్టీలు కూడా ఉన్నాయని. నా పక్కన కూర్చునే అమ్మాయికి టైఫాయిడ్ వచ్చి హాజరు తగ్గింది. పరీక్ష రాయనివ్వం అన్నారు. ఒక మధ్యాహ్నం నేను ఆ పట్టీలో నాలుగు గళ్ళు మార్చాను. ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆ క్షణాన నేను తప్పు చేశానని అనుకోలేదు. ఆ పిల్లకి దేవతనయ్యాననుకున్నాను.

ఆ తరవాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. కొందరికి హాజరు, కొందరికి ఇంటర్నల్ మార్కులు. ఒక లెక్చరర్ గారి ఫోల్డర్లో ప్రశ్నపత్రం. ఇంకొన్ని రోజులకి ఎవరూ అడక్కుండానే మనుషుల మెయిళ్ళు తెరవడం మొదలుపెట్టాను. ఎవరికి ఎవరితో పడదో, ఎవరు ఉద్యోగం మారాలనుకుంటున్నారో, ఎవరింట్లో ఏం గొడవో నాకు తెలుసు. వరండాలో ఎదురైన లెక్చరర్ గారికి నమస్కారం పెడుతూ, నిన్న మీరు మీ తమ్ముడికేం రాశారో నాకు తెలుసులే అనుకునేదాన్ని. దాంట్లో ఒక మత్తుంది. అబద్ధం ఎందుకు, చాలా ఇష్టంగా ఉండేది. క్యాంటీన్లో నా వెనక "దుర్గకి చెప్తే అయిపోద్ది" అనుకోవడం వినిపిస్తే ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

ఒకసారి పట్టుబడవలసిందే, తప్పించుకున్నాను. అబ్బులు గారే నన్ను పిలిచారు.

"దుర్గ గారూ, ఒక అనుమానమండి. నేను భోజనానికి వెళ్ళినప్పుడు కూడా నేను ల్యాబ్‌లోనే పని చేస్తున్నట్టు సిస్టమ్ చూపిస్తోంది. నా పేరు మీద ఎవరైనా వాడుతున్నారంటారా? మీకు బుర్రుంది, కాస్త చూసి పెట్టండి."

నేను ఏడో నంబరు ముందు కూర్చుని చూస్తున్నట్టు నటించాను. "సిస్టమ్‌ల గడియారాలు తప్పు నడుస్తున్నాయేమో సార్" అన్నాను.

"అంతేనంటారా? అయితే బ్యాటరీలు పోయుంటాయండి."

ఆ వారమంతా ఆయన ముప్పై సిస్టమ్‌ల మూతలూ విప్పి, లోపల రూపాయి బిళ్ళంత ఉండే గడియారం బ్యాటరీలు మార్చారు. ఒకటి కూడా పోలేదు. నేను పక్కన నిలబడి స్క్రూలు అందించాను. ఇప్పటికీ నా మనసులో అన్నిటికంటే బరువైన జ్ఞాపకం పోలీసులది కాదు, ఆ స్క్రూలది.

రెండో సంవత్సరం చివర్లో కిరణ్ అనే ఫైనలియర్ అబ్బాయి నా దగ్గరికొచ్చాడు. మా క్లాసులోనే ప్రసన్న అని ఆలమూరు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఉండేది. చాలా నెమ్మది మనిషి. తను రాసిన ఉత్తరాలు కొన్ని ప్రసన్న మెయిల్లో ఉన్నాయని, గొడవ కాకముందే వాటిని తీసేయాలని కిరణ్ చెప్పాడు. నమ్మానో లేదో ఇప్పుడు చెప్పలేను. పాస్‌వర్డ్ కనిపెట్టగలవా అన్న మాటే నాకు వినిపించింది. ఒక ప్రాక్టికల్ క్లాసులో, ఏడో నంబరు సిస్టమ్ మీద, అబ్బులు గారి పేరుతో లోపలికెళ్ళి తెరిచాను. అందులో కిరణ్ ఉత్తరం ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ప్రసన్న వాళ్ళక్కకి రాసుకున్నవి. తనకి చిన్నప్పటి నుంచి ఫిట్స్ వస్తాయి. మాత్రలు వేసుకుంటోంది. కాలేజీలో ఎవరికైనా తెలుస్తుందేమోనని బస్సులో కిటికీ పక్కన కూర్చోవడానికి కూడా భయం. అన్నీ చదివాను. చదివి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కిరణ్‌కిచ్చాను.

వాడు ప్రసన్న వెంటపడ్డాడని, ఆ అమ్మాయి కాదందని నాకు తరవాత తెలిసింది. నాలుగు రోజుల్లో ఆ ఉత్తరాలు కాలేజీలో అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఎవరో బోర్డు మీద చేతులు వంకర్లు తిప్పుతున్న బొమ్మ వేసి కింద ప్రసన్న పేరు రాశారు. ప్రసన్న ఆ బొమ్మని చూసి, బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. మళ్ళీ ఆ కాలేజీ గేటు దాటి లోపలికి రాలేదు.

వాళ్ళ నాన్నగారు పోలీసులకి ఫిర్యాదు చేశారు. ఆ మెయిల్ కాలేజీ ల్యాబ్‌లోనే తెరిచారని, తెరిచింది అబ్బులు గారి పేరు మీదనేనని వాళ్ళు తేల్చారు. అంతవరకు నిజమే. మేనేజ్‌మెంట్ ఆ సాయంత్రమే ఆయన దగ్గర తాళాలు తీసుకుని సస్పెండ్ చేసింది. యాభై దాటిన మనిషి ఆడపిల్ల ఉత్తరాలు దొంగతనంగా చదివాడట అని ఊరంతా పాకడానికి ఒక్క రోజు చాలింది. నేను నోరు విప్పలేదు. అన్నం తిన్నాను, క్లాసుకెళ్ళాను, పరీక్షకి చదివాను. భయం మనిషిని ఎంత మామూలుగా ఉంచగలదో నాకప్పుడే తెలిసింది.

మూడో రోజు సాయంత్రం ఐదు గంటలకి అబ్బులు గారు మా ఇంటికొచ్చారు. మిల్లు మోటార్ల కాలం నుంచీ మా నాన్నకి ఆయన తెలుసు. "కూర్చోండి, కాఫీ తాగుదురు గాని" అన్నాడు నాన్న. "వచ్చి తాగుతానండి. అమ్మాయి గారితో కాలవ దాకా నడిచొస్తాను" అన్నారాయన. చేతిలో న్యూస్‌పేపర్ చుట్టిన పొడుగాటి పుస్తకం ఉంది. చూడగానే నాకు అర్థమైంది. ల్యాబ్‌కి ఎవరు ఎప్పుడొచ్చారో, ఏ నంబరు సిస్టమ్ మీద కూర్చున్నారో మేం సంతకం పెట్టే రిజిస్టరది. నెలాఖరున ఇంటికి తీసుకెళ్ళి, స్కేలు పెట్టి కొత్త గీతలు గీసుకొచ్చేవారు. అందుకని అది కాలేజీలో కాకుండా ఆయన దగ్గరే ఉండిపోయింది.

కాలవ గట్టు మీద ఆయన ఆ పుస్తకం విప్పలేదు.

"ఏడో నంబరండి. పోలీసులు చెప్పిన రోజే, రెండున్నర నుంచి మూడూ ఇరవై దాకా. సంతకం మీదే."

నేను పేపర్ చుట్టిన ఆ పుస్తకంకేసి చూశాను.

"రేపు పదింటికి దీన్ని స్టేషన్‌లో ఇచ్చేస్తానండి. దాచే ఉద్దేశం నాకు లేదు. మా ఆవిడ మూడు రోజుల నుంచి పాలకి కూడా వీధిలోకి వెళ్ళట్లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నారు సార్?"

"నేను చెప్తే పట్టుబడ్డారంటారు. మీరు చెప్తే చెప్పుకున్నారంటారు. రెండింటికీ తేడా ఉందండి. మీకు రేపు పదింటి దాకా టైముంది."

నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. కాపాడతారని కూడా లోలోపల ఎక్కడో ఆశపడ్డాను. అదీ చెయ్యలేదు. నేను ఏడవడం మొదలుపెడితే, ఆయన అటు తిరిగి నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. నా ఏడుపు ఆగాక అడిగాను, ముందు ఎవరికి చెప్పాలని.

"ఎవరికి జరిగిందో వాళ్ళకండి."

ఇంటికొచ్చాక నాన్నకి చెప్పాను. నాన్న సగం తాగిన కాఫీ గ్లాసు కింద పెట్టి, అబ్బులు గారి మొహంలోకి చూడలేక గోడకేసి చూస్తూ, "మీకు జరిగినదానికి నేనేం చెప్పగలనండి" అన్నాడు. "మీరేం చెయ్యలేదు కదండీ. పొద్దున్నే ఆరున్నర బస్సుకి వెళ్దాం" అన్నారు అబ్బులు గారు.

ముగ్గురం ఆలమూరు వెళ్ళాం. ప్రసన్న వాళ్ళమ్మగారు వాకిట్లో గిన్నెలు తోముతున్నారు. అబ్బులు గారిని గుర్తుపట్టి ఆవిడ గబుక్కున లేచి నిలబడ్డారు. ఆయన గేటు బయటే ఆగి, "నేను కాదమ్మా. ఈ అమ్మాయి గారు మీకో మాట చెప్పాలట" అన్నారు. ఆ ఒక్క మాటే. తరవాత నోరెత్తలేదు. నాన్న చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను చెప్పాను. మధ్యలో ఎప్పుడొచ్చిందో ప్రసన్న గుమ్మంలో ఉంది. అంతా విని, ఒక్కటే అడిగింది.

"అన్నీ చదివావా?"

"చదివాను."

"అక్కకి రాసినవి కూడానా?"

"అవి కూడా. అన్నీ చదివాకే ఇచ్చాను."

ప్రసన్న లోపలికెళ్ళి తలుపేసుకుంది. క్షమించమని అడగాలని బస్సులో ఎన్నోసార్లు మనసులో అనుకుంటూ వెళ్ళాను. ఆ తలుపు ముందు ఆ మాట రాలేదు. వెనక్కి వచ్చేటప్పుడు అబ్బులు గారు, "తగ్గించి చెప్పలేదు. బాగుంది" అన్నారు. పదింటికి స్టేషన్‌లో నేను మళ్ళీ చెప్పాను. ఆయన రిజిస్టరు బల్ల మీద పెట్టారు.

నాకు పద్దెనిమిది నిండలేదు కనుక నా విషయం కాకినాడలో బాలల న్యాయమండలి ముందుకెళ్ళింది. కిరణ్ మీద వేరే కేసు నడిచింది. కాలేజీ నన్ను ఏడాది పాటు బయట పెట్టింది. మండలిలో ఉన్న మేడమ్ నన్ను మందలించి, ఆరు నెలలు సమాజానికి పనికొచ్చే పని చెయ్యాలన్నారు. ఏం పని అన్న ప్రశ్న వచ్చినప్పుడు వెనక వరసలోంచి అబ్బులు గారు లేచారు. మా మండలంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదకొండు కంప్యూటర్లు మూడేళ్ళుగా పడి ఉన్నాయని, వాటిని ఈ అమ్మాయి చేత బాగుచేయిస్తానని, రోజూ తను దగ్గరుంటానని చెప్పారు. ఆవిడ ఆశ్చర్యపోయి, "మీరు బాధితుల్లో ఒకరు కదండీ" అన్నారు. "అవునండి. పని వచ్చిన మనిషి ఖాళీగా కూర్చుంటే నాకింకా బాధండి" అన్నారాయన.

కాలేజీ ఆయన్ని మర్యాదగానే మళ్ళీ పిలిచింది. నెల రోజులు వెళ్ళి మానేశారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. పిల్లలు వెనక నవ్వుకునేవారని వేరేవాళ్ళ వల్ల తెలిసింది. మండపేటలో మార్కెట్టు వీధి చివర చిన్న రిపేరు షాపు పెట్టుకున్నారు. పొద్దున్న బడిలో, మధ్యాహ్నం నుంచి ఆ షాపులో నాకు పని. మా నాన్న రోజూ మిల్లుకి వెళ్తూ సైకిల్ మీద దింపేవాడు. పదకొండులో తొమ్మిది బతికాయి. ఎనిమిదో తరగతి పిల్లలు మొదటిసారి మౌస్ పట్టుకుని, బల్ల చివరికొచ్చాక ఇంకెలా జరపాలో తెలియక నన్ను చూసేవాళ్ళు. ఆ చూపు ముందు పాత మత్తు చాలా చిన్నదైపోయింది.

కానీ పూర్తిగా పోలేదు. ఆ మాట కూడా చెప్పాలి. నాలుగో నెలలో ఒకరోజు షాపులో ఒంటరిగా ఉన్నప్పుడు నేను కిరణ్ మెయిల్లోకి దూరాను. ప్రసన్న ఉత్తరాలు ఇంకా వాడి దగ్గర దాచి ఉన్నాయి. అన్నీ తుడిచేశాను. అబ్బులు గారు భోజనం చేసి రాగానే సంబరంగా చెప్పాను. ఆయనకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. గొంతు పెంచలేదు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగారు.

"ప్రసన్న గారు తుడిచెయ్యమన్నారా మిమ్మల్ని?"

"లేదు. కానీ మంచికే కదా సార్."

"వాడి మీద కేసు నడుస్తోంది. వాడి దగ్గరున్నవి అందులో సాక్ష్యం. మీరు తుడిచింది అదేనండి." మళ్ళీ, "అటెండెన్సు మార్చినప్పుడు కూడా మంచికే అన్నారట కదా" అన్నారు.

మళ్ళీ స్టేషన్‌కి నడిచాం. మళ్ళీ చెప్పాను. అసలు కాపీలు పోలీసులు ముందే తీసి పెట్టుకున్నారు కనుక కేసు నిలబడింది. నాకు మాత్రం మండలి ఇంకో మూడు నెలలు పని పొడిగించింది. ఆ మూడు నెలల్లో ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. షాపు తాళం చెవి ఎప్పట్లాగే నా చేతికే ఇచ్చి భోజనానికెళ్ళేవారు. ఎలా ఇచ్చేవారో నాకు ఇప్పటికీ తెలీదు.

షాపులో నాకు పని నేర్పింది ఎక్కువగా మాటలతో కాదు. ఎవరి కంప్యూటరైనా బాగుచేశాక పనిచేస్తోందో లేదో చూడాలంటే ఏదో ఒక ఫొటో తెరవాలి కదా. ఆయన ముందుగానే తన ఫొటో ఒకటి అందులో పెట్టి, దాన్నే తెరిచేవారు. తెల్ల చొక్కా వేసుకుని, బిగుసుకుపోయి, ఆధార్ కార్డు కోసం తీసుకున్న ఫొటో. మండపేటలో సగం ఇళ్ళల్లో కంప్యూటర్లలో ఆ మొహం ఎందుకుందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. పెళ్ళి ఆల్బం తెచ్చుకోడానికొచ్చిన ఒకాయన, "మా పెళ్ళి ఫొటోల్లో మీరెందుకున్నారండీ" అని అడిగితే, "శుభలేఖ రాలేదండి, నేనే వచ్చేశాను" అన్నారు.

ఒకసారి కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డు పల్లెటూరి నుంచి ఒకావిడ వచ్చింది. పేరు మంగ. చేపలు అమ్ముతుంది. చేతిలో తాళం పడిన ఫోను. వేటకెళ్ళిన భర్త తుఫానులో పోయాడు. ఫోను ఇంట్లో వదిలి వెళ్ళాడు. అందులో ఆయన గొంతుంది, పిల్లలకి పాటలు పాడిన రికార్డులున్నాయి, అవి కావాలంది. తాళం తియ్యడం నాకు చిటికెలో పని. అబ్బులు గారు నన్ను ఆగమని సైగ చేసి, ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, పోయినట్టు ధ్రువపత్రం, ఇంటి నుంచి ఇంకో పెద్దమనిషి కావాలన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. రాయి కూడా కరిగేది కదా అన్నాను.

"ఆవిడ నిజమే చెప్తోందండి. నాకూ అలాగే అనిపించింది. కిరణ్ చెప్పినప్పుడు మీకూ అనిపించింది కదా" అన్నారు.

వారానికి మంగ అత్తగారిని వెంటబెట్టుకుని, కాగితాలతో వచ్చింది. నేను తాళం తీశాను. తెర వెలగకముందే అబ్బులు గారు ఫోను బోర్లా తిప్పించి ఆవిడ చేతిలో పెట్టించారు. "రండి, మనం బయట నిలబడదాం" అని నన్ను వీధిలోకి తీసుకొచ్చి తలుపు దగ్గరగా వేశారు. మిట్టమధ్యాహ్నం ఎండ. ఎదురుగా ధాన్యం లారీ ఒకటి దారి దొరక్క హారన్ కొడుతోంది. లోపల్నుంచి ఒక మగ గొంతు సన్నగా వినిపించింది, ఏదో జోలపాట. అబ్బులు గారు లారీకి అడ్డంగా ఉన్న సైకిళ్ళు పక్కకి జరిపే పనిలో పడిపోయారు. ఆ పాట వినకుండా ఉండడానికే ఆ సైకిళ్ళు జరుపుతున్నారని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. నేనూ వెళ్ళి ఇంకో సైకిల్ పట్టుకున్నాను.

తరవాత నేను డిప్లొమా పూర్తి చేశాను, ఇంజినీరింగ్ చదివాను, ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఇంటర్వ్యూలో ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మొత్తం చెప్పాను. రెండు చోట్ల వద్దన్నారు, మూడో చోట తీసుకున్నారు. పండగలకీ పబ్బాలకీ కాకపోయినా, మండపేట మీదుగా వెళ్ళినప్పుడల్లా షాపు ముందు ఆగేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, నా మీద కోపం ఎప్పుడు పోయిందని.

"ఓ ఏడాది ఉందండి. రోజూ మీరు ఎదురుగా కూర్చుని పని చేస్తుంటే కోపం నిలబెట్టుకోవడం కష్టమైపోయింది" అన్నారు. తరవాత టెస్టరు తుడుచుకుంటూ, "ప్రసన్న గారి సంగతి వేరు. ఆవిడకి పోవాలని నేనూ అడగలేను, మీరూ అడగకూడదండి" అన్నారు.

మూడు నెలల కిందట ఆయన పోయారు. ఊపిరితిత్తుల జబ్బు. పెద్ద కార్యం రోజున భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో ఎవరో కూర్చున్నారు. తిరిగి చూస్తే ప్రసన్న. పద్నాలుగేళ్ళ తరవాత. తణుకులో ఉంటోందట, టీచరు. కాలేజీ మానేశాక ఇంకో చోట చేర్పించడానికి అబ్బులు గారే వాళ్ళ నాన్నగారితో తిరిగారని, ఏటా ఒకసారి వచ్చి చూసి వెళ్ళేవారని అప్పుడు తెలిసింది. నాకు ఒక్కసారీ చెప్పలేదు. ప్రసన్నకి నా గురించీ చెప్పలేదట.

సాంబారు వడ్డించి వెళ్ళాక తనే అడిగింది.

"ఇంకా కంప్యూటర్ల పనేనా?"

ఏం చేస్తానో చెప్పాను. అన్నం కలుపుతూ వింది.

"మా పాప బళ్ళో ఒక యాప్ పెట్టారు. ఫొటో, బస్సు ఎక్కడాగుతుంది, పిల్లల ఆరోగ్యం వివరాలు, అన్నీ అందులోనే నింపమన్నారు. మా పాపకీ నాలాగే ఉంది. నింపాను." విస్తరి అంచు సరిచేసింది. "అది ఎవరైనా తెరవగలరా? నువ్వు చూసి చెప్పగలవా?"

ఆ ప్రశ్న అడగడానికి తనకి ఎంత కష్టమైందో గొంతులో తెలుస్తూనే ఉంది. తనకి నేను చెయ్యగలిగింది ప్రపంచంలో ఏదైనా ఉంటే అదొక్కటే. అయినా చెప్పాను.

"బడి వాళ్ళు కాగితం మీద రాసిస్తే చూస్తాను. రాసివ్వకుండా చూడలేను ప్రసన్నా. అందులో మిగతా పిల్లల వివరాలు కూడా ఉంటాయి."

ప్రసన్న చెయ్యాపి నన్ను చూసింది. ఆలమూరులో గుమ్మంలో నిలబడి చూసినంతసేపు చూసింది. "సరే. అడుగుతాను" అంది. నా ఫోన్ నంబరు తీసుకుంది. మేమిద్దరం క్షమాపణ మాటెత్తలేదు.

తరవాత రెండుసార్లు ఫోన్ చేసింది. ప్రిన్సిపాల్ గారు ఆలోచిస్తామన్నారట. మేనేజ్‌మెంట్ మీటింగులో పెడతామన్నారట. నేను బడికి ఒక ఉత్తరం రాసిచ్చాను, తను తీసుకెళ్ళి ఇచ్చింది. నిన్న మళ్ళీ చేసి, వచ్చే సోమవారం తేలుస్తారట, అప్పటిదాకా ఆగుతావా అని అడిగింది. ఆగుతానన్నాను. ఆ యాప్ పేరు నాకు తెలుసు. కూర్చుంటే పది నిమిషాల పని. కూర్చోలేదు.